జిరాక్స్‌కి ఎక్స్ ఎందుకండీ?

మా వీధి చివర ఒక జిరాక్స్ షాపుంది. పసుపు బోర్డు మీద ఎర్రక్షరాలతో ఇంగ్లీషులో 'జిరాక్స్' అని రాయించాడు. మొదటి అక్షరం జెడ్. నాకు చిన్నప్పట్నుంచీ ఒక జబ్బుంది. బోర్డు కనబడితే చదవకుండా ఉండలేను. చదివాక తప్పు పట్టకుండా అసలే ఉండలేను. షాపు తెరిచిన వారంలోనే వెళ్లి చెప్పాను. "బాబూ, అది జెడ్ కాదు, ఎక్స్. ఆ కంపెనీ పేరే ఎక్స్‌తో మొదలవుతుంది."

అతను కాగితాలు సర్దుకుంటూనే, "జిరాక్స్ అనే కదండీ పలుకుతాం, మళ్లీ ఎక్స్ ఎందుకండీ? ఎక్స్ పెడితే ఎక్స్‌రే సెంటరనుకుని పేషెంట్లొచ్చేస్తారు మాస్టారూ" అన్నాడు.

నేను మాస్టార్ని కాను. తప్పులు పట్టేవాళ్లందర్నీ అలాగే పిలుస్తారు కాబోలు.

ఈ జబ్బు పుణ్యమా అని నాకు కాలక్షేపానికి లోటు లేదు. బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే చాలు. హైవే మీద చెట్టుకి పాత టైరు వేలాడదీసి, దాని మీద తెల్లరంగుతో 'పంచర్' అని ఇంగ్లీషులో రాస్తారు. ఆ స్పెల్లింగుకి అర్థం పిడిగుద్దులు గుద్దేవాడని. గాలి పోయిన టైరుతో అక్కడికి వెళ్లేవాడికి ధైర్యం కావాలి. పాలకేంద్రం బోర్డులో ఏ, ఐ తారుమారై, గేదెలు దినచర్య రాసుకునే డైరీ తయారవుతుంది. పుస్తకాల షాపు 'స్టేషనరీ'లో ఒక ఈ బదులు ఏ పడితే 'కదలకుండా నిలబడినది' అని అర్థం. మా ఊళ్లో అలాంటి షాపు ఒకటి ముప్పై ఏళ్లుగా నిజంగానే అక్కడే నిలబడి ఉంది. ఇక చల్లటి బీరు అమ్మే చోట 'చిల్డ్'కి బదులు 'చైల్డ్' అని రాసిన బోర్డు చూడని ప్రయాణికుడుండడు.

మా చుట్టాల పెళ్లి శుభలేఖ మీద 'వెడ్డింగ్' కాస్తా 'వెల్డింగ్' అని పడింది. ఆడపెళ్లివారు ప్రెస్సువాడి మీదికి యుద్ధానికి బయల్దేరుతుంటే మా బాబాయి ఆపాడు. "పోన్లెండి, అతుకు గట్టిగా ఉంటుంది" అన్నాడు. ఉంది కూడా. మొన్ననే వాళ్ల పెద్దమ్మాయికి సంబంధం ఖాయమైంది.

మాటల్లో దొర్లేవి ఇంకో రకం. మా మేనల్లుడు అమెరికా వెళ్లిన కొత్తలో ఆఫీసులో, తాను ఫలానా సంవత్సరం కాలేజీ నుంచి 'పాస్ అవుట్' అయ్యానని చెప్పాట్ట. అవతలాయన కంగారుగా, ఇప్పుడు ఒంట్లో ఎలా ఉందని అడిగాట్ట. అక్కడ పాస్ అవుట్ అంటే సొమ్మసిల్లి పడిపోవడం. మనం మాత్రం ఏటా లక్షలమందిమి పట్టాలు పుచ్చుకుని సొమ్మసిల్లుతూనే ఉన్నాం. అలాగని అన్నీ కొట్టిపారేయడానికీ లేదు. ముందుకు జరపడానికి మన దేశంలో వాడే 'ప్రీపోన్' ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకి ఎక్కి కూర్చుంది. నేను దాన్ని ఇరవై ఏళ్లు వెక్కిరించాను.

నవ్వు రానివీ ఉన్నాయి. మా పక్కింటి పాపకి స్కూలు వాళ్లు ఫీజు నోటీసు పంపారు. కట్టాల్సిన అంకె చూస్తే కళ్లు తిరుగుతాయి. కింద సంతకం దగ్గర 'ప్రిన్సిపాల్' అన్న మాటకి 'సూత్రం' అని అర్థమొచ్చే స్పెల్లింగుంది. పంచరు వేసేవాడు ఇంగ్లీషు నేర్పుతానని ఎవరి దగ్గరా డబ్బు తీసుకోలేదు. ఈ బడి తీసుకుంటోంది. ఆ తేడా నా మటుకు నాకు చాలా పెద్దది.

బోర్డులు రాసే పెయింటర్లను తప్పు పట్టడం తగ్గించి కొన్నాళ్లయింది. మనది పలికినట్టు రాసే భాష. చెవికి ఎలా వినబడితే చెయ్యి అలా రాస్తుంది. ఇంగ్లీషుకి ఆ పట్టింపు లేదు. అప్పుని 'డెట్' అంటారు, మధ్యలో బి ఎందుకో దానికే తెలియాలి. ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు ఆ మాటలో బి లేదు. లాటిన్ చదువుకున్న పండితులు దాని మూలం గుర్తుచేయడానికి తర్వాత ఇరికించారు. 'ఐలాండ్'లో ఎస్ అయితే అచ్చంగా పొరపాటు. వేరే మాటతో చుట్టరికం ఉందనుకుని చేర్చారు, తీరా చూస్తే లేదు. 1755లో జాన్సన్ నిఘంటువు వచ్చాక ఇలాంటివెన్నో శిలాశాసనాలయ్యాయి. ఈ గొడవ భరించలేకే బెర్నార్డ్ షా, ఇంగ్లీషుకి కొత్త అక్షరమాల తయారుచేయమని వీలునామాలో డబ్బు రాసిపోయాడు.

అసలు దొరలు మన మాటల్ని ఎలా రాశారో చూడండి. వాళ్లూ చెవికి వినబడినట్టే రాసుకున్నారు. కాకినాడ 'కోకనాడ' అయింది. 1923లో అక్కడ జరిగిన కాంగ్రెస్ మహాసభ కాగితాల్లో కోకనాడ మహాసభే. విశాఖపట్నం 'విజగపటం', మచిలీపట్నం 'మసులిపటం', ఏలూరు 'ఎల్లోర్' అయ్యాయి. మూడక్షరాల కడపకి ఇంగ్లీషులో ఎనిమిది అక్షరాలు తగిలించారు. 2005లో గానీ సర్కారు దాన్ని సరిదిద్దలేదు. విజయవాడకి రైలు టిక్కెట్టు కొంటే స్టేషన్ కోడు ఈ రోజుకీ బెజవాడ తాలూకు 'బి జెడ్ ఏ'నే. పెయింటరు తప్పు రాస్తే నవ్వాం, దొర తప్పు రాస్తే మ్యాపుల్లో ఎక్కించుకున్నాం.

ఊళ్ల సంగతి అలా ఉంచండి. మనుషుల పేర్ల దగ్గరికొస్తే ఒక్క అక్షరం ఎంత పని చేస్తుందో నాకు నాన్న పోయాక తెలిసింది.

అమ్మ పేరు చివర 'లక్ష్మి' ఉంది. నాన్న తన సర్వీసు కాగితాల్లో ఆ పేరుని ఇంగ్లీషులో కె, ఎస్, హెచ్ అన్నీ పెట్టి పద్ధతిగా రాశారు. అమ్మ బ్యాంకు పుస్తకంలో, దాన్ని చూపించి తీయించిన ఆధార్‌లో మాత్రం ఆ మూడింటి బదులు ఒక ఎక్స్ ఉంది. ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు తీసుకుని ఆఫీసుకి వెళ్తే, అక్కడి గుమాస్తా రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. "ఈవిడా ఆవిడా ఒకరేనని రుజువేంటండీ?" అన్నాడు. అమ్మ ఎదురుగా కుర్చీలోనే కూర్చుని ఉంది.

బయటికొచ్చాక అమ్మ నన్ను ఆపి, "మీ నాన్నకి నేను కాక ఇంకో లక్ష్మి ఉందంటాడేంట్రా ఆయన?" అని నవ్వింది. నాన్న పోయాక అమ్మ నవ్వడం అదే మొదటిసారి.

తర్వాత నవ్వలేదు. కాగితాలు అటూ ఇటూ తిరగడానికి అయిదు నెలలు పట్టింది. నాన్న ఉన్నన్నాళ్లూ ఒకటో తారీకున పాలవాడికీ కూరలబ్బాయికీ అమ్మే లెక్క తేల్చేది. ఆ అయిదు నెలలూ నేనిచ్చిన డబ్బు లెక్కపెట్టకుండా డబ్బాలో వేసేది. బీపీ మాత్రలు నెలకి సరిపడా తెస్తే, "పదిహేను రోజులకి తేవాల్సింది, మిగతావి తర్వాత చూసుకునేవాళ్లం" అనేది. నేను కొనగలను. అది ఆవిడకీ తెలుసు. అడగాల్సి రావడమే ఆవిడకి కష్టంగా ఉండేది.

ఇంతకీ ఆ ఎక్స్ రాసింది ఎవరో కాదు, నేనే. బ్యాంకు ఖాతా తెరిచినప్పుడు ఫారం నింపింది నేను. పేరు పొడుగ్గా ఉంది, గళ్లు సరిపోలేదు. మూడు గళ్లు పట్టేచోట ఎక్స్ అయితే ఒక్కదాంట్లో సరిపోతుంది కదా అని పెట్టేశాను. ఊరందరి బోర్డుల్లో జెడ్‌లూ ఎక్స్‌లూ వెతికేవాణ్ణి, నా చేత్తో రాసిన ఎక్స్ ఇన్నేళ్లూ కనిపించలేదు. గుమాస్తా ముందు ఆ సంగతి చెప్పడానికి నోరు రాలేదు. ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను.

"నువ్వు రాస్తే తప్పెందుకవుతుందిరా? గళ్లు తక్కువేశారు వాళ్లు" అంది.

చివరికి స్టాంపు పేపరు మీద, ఈ లక్ష్మీ ఆ లక్ష్మీ ఒకరేనని నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించాం. కింద అమ్మ తెలుగులో సంతకం పెట్టింది, ఎప్పటిలాగే క్ష కింద మ వత్తు శ్రద్ధగా దిద్ది. దాని కాపీలు ఆరు కావాలంటే వీధి చివరి షాపుకే వెళ్లాను. అతను తీసి, లెక్కపెట్టి, పిన్ను కొట్టి ఇస్తూ, "మాస్టారూ, స్పెల్లింగులన్నీ ఓసారి చూసుకున్నారా?" అన్నాడు.

కౌంటరు దగ్గరే నిలబడి, రెండుసార్లు చూసుకున్నాను.