ఈ అడ్మిన్ ఎవర్రా?

తెల్లవారుజాము ఐదు గంటలు. కాకినాడలో ఓ రిటైరైన సోషల్ టీచరమ్మ కంప్యూటర్ ముందు కూర్చున్నారు. ఆవేళ వాళ్లమ్మ తద్దినం. పెట్టేది తమ్ముడు. ఆవిడ వెళ్లి, భోంచేసి రావడమే. అందుకే అమ్మ గురించి నాలుగు పేజీలు రాసుకున్నారు. సొంత బ్లాగులో అదే మొదటిది కావాలని పట్టుదల. ‘పబ్లిష్’ నొక్కడమే తరువాయి. ఎందుకైనా మంచిదని ప్రివ్యూ చూస్తే... పైన నిన్నటి తారీఖు! కింద ‘అడ్మిన్’ అని పేరు!

డాలస్‌లో ఉన్న కొడుక్కి ఫోన్ వెళ్లింది.

‘‘ఏరా, ఈ అడ్మిన్ ఎవర్రా?’’

నవ్వాడు. వర్డ్‌ప్రెస్‌లో బ్లాగు తెరిచి తల్లికి అప్పగించింది అతనే. అలవాటు కొద్దీ టైమ్ జోన్ తన ఊరిది పెట్టేశాడు. చలికాలంలో అక్కడికీ ఇక్కడికీ తేడా పదకొండున్నర గంటలు. ఇక్కడ ఉదయం ఐదైతే అక్కడింకా ముందురోజు సాయంత్రం ఐదున్నరే. అసలు ముట్టుకోకుండా వదిలేసినా లాభం లేదు. మామూలుగా అందులో ఉండేది గ్రీనిచ్ లెక్క. దాని ప్రకారం ముందురోజు రాత్రి 11.30.

‘‘ఒక్క రోజే కదమ్మా!’’ అన్నాడు.

తిథి గురించి పట్టింపున్న మనిషితో అనాల్సిన మాటేనా అది! ఆవిడే సెట్టింగ్స్ తెరిచారు. టైమ్ జోన్ల జాబితాలో హైదరాబాద్ లేదు, ఢిల్లీ లేదు. కోల్‌కతా ఉంది. ఏళ్ల తరబడి పిల్లలకి రేఖాంశాలు చెప్పినావిడ ఊరుకుంటారా? ‘‘మన గడియారాలు నడిచేది 82½ డిగ్రీల రేఖ లెక్కన. అది పోయేది కాకినాడకి దగ్గర్లోంచి. పేరు మాత్రం కోల్‌కతాదా!’’ అని దెబ్బలాడుతూనే దాన్నే ఎంచుకుని సేవ్ చేశారు.

ఇక మిగతావీ వరసగా చూశారు. ‘హలో వరల్డ్’ అనే నమూనా రాత చెత్తబుట్టలోకి పోయింది. ‘అన్‌కేటగరైజ్డ్’ అన్న విభాగం ‘మా ఇల్లు’ అయింది. అభిప్రాయాలు ఆవిడ చూసి ఒప్పుకున్నాకే కనిపించాలి. చుట్టాల్లో కొందరికి ఆ నాలుగు పేజీలు రుచించవని తెలుసు మరి.

రాతకి వచ్చే చిరునామా దగ్గర మాత్రం ఇద్దరూ చాలాసేపు ఆగారు. శీర్షిక తెలుగులో ఉంటే చిరునామా కూడా తెలుగులోనే వస్తుంది. చూడ్డానికి ముచ్చటే. కానీ దాన్ని కాపీ చేసి ఎవరికైనా పంపితే చాలాసార్లు శాతం గుర్తులూ అంకెలూ ఇంగ్లిష్ అక్షరాల చాంతాడై కూర్చుంటుంది. ఒక్క ‘మా’కే 18 గుర్తులు! అచ్చులూ హల్లులూ గుణింతాలూ ఒక్కోటి తొమ్మిదేసి గుర్తులు మింగుతాయి. ఈ పని ముందే తేల్చుకోవాలి. తరవాత మారిస్తే పాత చిరునామా పట్టుకొచ్చినవాళ్లు దారి తప్పే ప్రమాదం ఉంది. ఆవిడకి మనసొప్పకపోయినా ఇంగ్లిష్ అక్షరాల్లో చిన్నగా ‘అమ్మ’ అని కొట్టారు.

‘రీడింగ్’ అన్నచోట ఒక గడిలో టిక్ ఉంది. సెర్చ్ ఇంజిన్లు ఇటు రావద్దని.

‘‘నేనే పెట్టానమ్మా. మనింటి విషయాలు కదా...’’

నిజానికి అది తాళం కాదు, తలుపుకి అంటించిన కాగితం. మన్నించడం, మన్నించకపోవడం గూగుల్ లాంటివాళ్ల ఇష్టమని ఆ గడి కిందే రాసి ఉంటుంది. ఇంట్లోవాళ్లే చదవాలంటే పాస్‌వర్డ్ పెట్టుకోవాల్సిందే.

‘‘దాచుకోడానికైతే నోటుబుక్కు చాలదట్రా?’’ అని టిక్ తీసేశారావిడ.

చివరికి మిగిలింది అడ్మిన్. లాగిన్ అయ్యే పేరు మార్చడానికి వీల్లేదుగానీ, అందరికీ కనిపించే పేరు మన ఇష్టం. ‘‘నీ పేరు కొట్టేయ్’’ అన్నాడు కొడుకు. ఏ పేరు? సర్వీసు రిజిస్టర్లో ఉన్నది అత్తింటి ఇంటిపేరు. పెన్షన్ కాగితాల్లోనూ అదే. పుట్టింటిది పెళ్లి శుభలేఖతోనే ఆగిపోయింది. అమ్మ సంగతి సరేసరి. ఆవిడకి సంతకమే లేదు, వేలిముద్రే.

కాసేపు ఫోన్లో ఏమీ వినబడలేదు.

‘‘అమ్మా, ఉన్నావా?’’

‘‘ఉన్నాన్రా.’’

వాళ్లమ్మ పేరు టైపు చేసి, పక్కన ‘గారి అమ్మాయి’ అని చేర్చారు. కనిపించే పేరుగా దాన్నే ఎంచుకున్నారు. మళ్లీ ప్రివ్యూ చూశారు. తారీఖు సరిగ్గా ఉంది. పబ్లిష్ నొక్కి, స్నానానికి లేచారు. ఆరున్నర బస్సుకి తమ్ముడి ఊరు వెళ్లాలి.