అర మిల్లీమీటరు మీద ఆశలు

మెడ అతికింది, ఫ్రెట్లు కూర్చున్నాయి. నెలల తరబడి ఆదివారాలను మింగేసిన గిటారు ఎట్టకేలకు రంగు దాకా వచ్చింది. సొంతంగా గిటారు చేసుకునేవాళ్లలో చాలామందికి చెయ్యి వణికేది ఇక్కడే. ముఖం మీద అతికించిన మేపుల్ వెనీర్ మందం సుమారు 0.6 మిల్లీమీటరు. రెండు విజిటింగు కార్డులు ఒకదానిపై ఒకటి పెడితే ఎంతో అంత. ఉప్పుకాగితంతో నాలుగు రుద్దులు ఎక్కువైతే అడుగునున్న చవక చెక్క పళ్లికిలిస్తుంది. దాన్ని మళ్లీ పూడ్చడం ఎవరి తరమూ కాదు.

ఇంత పాటూ ఆ పొరలోని పులిచారల కోసమే. నిజానికవి రంగు కాదు, వెలుగు చేసే మాయ. చెట్టు నారలు తిన్నగా పెరగక అలల్లా వంకర తిరిగితే, కొన్నిచోట్ల వాటి కొసలు పైకి తేలి వెలుగును మింగేస్తాయి. పక్కనే పడుకున్న నారలు దాన్ని తిరగ్గొడతాయి. గిటారును కాస్త వంచితే నల్లచార తెల్లబడుతుంది, తెల్లచార నల్లబడుతుంది. నెమలికంఠం రంగు ధర్మవరం చీర మడత మడతకూ మారినట్టే. వైడూర్యానిదీ ఇదే గుణం. అలాంటి చెక్క అరుదు, ఖరీదూ ఎక్కువే. అందుకే దుంగను పల్చటి పొరలుగా తీసి మామూలు చెక్కకు తొడుగుతారు. ఇది మోసమనేవాళ్లున్నారు. చారలను ఫొటో తీసి అచ్చేసి అతికించిన చవకరకం గిటార్లనైతే ఆ మాట అనొచ్చు. వెనీర్ ఎంత పల్చనైనా చెట్టుదే.

ఈ చారల మోజుకు మూలపురుషుడు అమెరికాకు చెందిన గిబ్సన్ లెస్ పాల్ గిటారు. 1952లో వచ్చినప్పుడు దాని మేపుల్ ముఖాన్ని బంగారు రంగుతో కప్పేశారు. 1958లో ఎరుపు అంచు, పసుపు నడుముతో చెక్క కనిపించేలా రంగు వేయడం మొదలెట్టారు. గిరాకీ అంతంతమాత్రమే. 1960 తర్వాత ఆ రూపానికి స్వస్తి పలికారు. వాటిలో చాలావాటి ఎరుపు ఎండకు వెలిసి తేనెరంగుకు, నిమ్మరంగుకు దిగిపోయింది. ఇప్పుడవి లక్షల డాలర్లు పలుకుతున్నాయి. ఇంట్లో రంగులు కలుపుకునేవాడు పడీపడీ తెప్పించాలని చూసేది తరచూ ఆ వెలిసిన రంగునే!

తేడా ఏమిటంటే, వాటిది దళసరి మేపుల్. అలాంటి చెక్కకు పనికొచ్చే చిట్కా ఒకటుంది. ముందు నల్లరంగు పూసి, ఆరాక రుద్దేయాలి. నారల కొసలు తేలిన చోట నలుపు లోతుగా ఇంకి నిలుస్తుంది, మిగతా చోట్ల పోతుంది. ఆపైన అసలు రంగు. వెనీర్ మీద ఇది కత్తిమీద సాము. చెయ్యి తిరిగినవాళ్లు నలుపును బాగా పలచన చేసుకుంటారు, లేదంటే లేత గోధుమరంగుతో సరిపెట్టుకుంటారు. ముందే తడిగుడ్డతో తుడిచి, లేచిన నూగును 320 నంబరు కాగితంతో చేత్తోనే తీసేస్తారు. మిషను జోలికి పోరు.

రంగు కంటే ముందు దెబ్బకొట్టేది జిగురు. పొర రంధ్రాల్లోంచి పైకి ఉబికిన తెల్లజిగురు కంటికి ఆనదు. రంగు తగలగానే అక్కడ మాత్రం పాలిపోయిన మచ్చ తేలుతుంది. నీళ్లలో కలిపే రంగు నింపాదిగా పరుచుకుంటుంది గానీ తడి ఎక్కువైతే పొర బుడగలా లేస్తుంది. స్పిరిట్ రంగుతో ఆ బెడద తక్కువే అయినా అది చూస్తుండగానే ఆరిపోయి చారికలు మిగులుస్తుంది. బుడగ లేస్తే బ్లేడుతో నార వెంబడి సన్నగా చీరి, సిరంజితో జిగురు ఎక్కించి, బరువు పెట్టాలి. అదే పొర ముక్కను అదే జిగురుతో అతికించి ముందు దానిమీద పరీక్షించుకుంటే ఈ తిప్పలు చాలావరకు తప్పుతాయి. అంత ఓపిక ఉన్నవాళ్లు తక్కువ.

రంగు ఆరాక మరో పరీక్ష. చారలన్నీ చచ్చిపోయి, ముఖం సుద్ద రాసినట్టు వెలవెలబోతుంది. కంగారుపడి ఇంకో పూత వేశారో, ఉన్న అందమూ పోతుంది. అప్పుడు చేయాల్సింది మైనం తీసేసిన లక్కను స్పిరిట్‌లో కరిగించి పల్చగా పట్టించడం. ఈ లక్క మన దేశానికి కొత్త కాదు. జార్ఖండ్ పల్లెల్లో కుసుమ, మోదుగ, రేగు చెట్ల మీద పురుగులు పెట్టే సరుకే అది. దాని మీద పరిశోధనలకు రాంచీ శివార్లలోని నామ్‌కుమ్‌లో 1924లోనే సంస్థ వెలిసింది. ఏటికొప్పాక బొమ్మల నిగనిగ కూడా లక్క చలవే. అయితే స్పిరిట్ రంగు మీద లక్క పూసేటప్పుడు గుడ్డ ఒకేచోట ఆడితే కింది రంగు ఊడి వస్తుంది. ఒక్క ఊపులో లాగేయాలి. అలా లాగిన మరుక్షణం చారలు లేచి కూర్చుంటాయి.

ఆ తర్వాత పైపూతలు, వారాల తరబడి ఆరబెట్టడం, మళ్లీ నునుపు. ఇన్ని గండాలు దాటినవాడూ చివర్లో అంచు దగ్గర దొరికిపోతాడు. వంపు తిరిగే చోట కాగితం ఒత్తిడి ఎక్కువ. పూత, రంగు, పొర కలిసి ఒక్కసారిగా లేచిపోయి అడుగు చెక్క తెల్లగా బయటపడుతుంది. నిండా తేనెరంగు అనుకున్న గిటారుకు అప్పటికప్పుడు చుట్టూ ముదురు గోధుమరంగు అంచు వచ్చేస్తుంది. చూసినవాళ్లు అంచు భలే కుదిరిందంటారు. మొదటి నుంచీ అదే అనుకున్నానంటాడు చేసినవాడు.