కృతిభర్తలు కావలెను

చందా అడగడం మనవాళ్ళకి కొత్త కాదు. వినాయకచవితి పందిరికీ, అమ్మవారి జాతరకీ, రామాలయం సున్నానికీ, హైస్కూలు ప్రహరీగోడకీ నలుగురు కలిసి రసీదు పుస్తకం పట్టుకుని బయల్దేరితే పొద్దు గూకేలోగా ఎంతో కొంత రాలుతుంది. ఇచ్చినవారి పేరు పాలరాతి మీదో, ఫ్యాను రెక్కల మీదో రాయిస్తే సరి. ఫ్యాను రెక్కల మీద పేరు రాయించుకునే ఆలోచన మొదట ఎవరికొచ్చిందో గానీ, కరెంటు పోయినప్పుడు తప్ప ఆ మహాదాత పేరు ఎవరికీ కనపడదు!

కానీ స్పాన్సరు సంగతి వేరు. ఈ మాటకి తెలుగే లేదని మావారి వాదన. ఎందుకు లేదండీ, కృతిభర్త అన్నాన్నేను. మా నెల్లూరి తిక్కన సోమయాజి నిర్వచనోత్తర రామాయణాన్ని మనుమసిద్ధి మహారాజుకి అంకితం ఇవ్వలేదూ? కావ్యం ఉన్నంతకాలం రాజుగారి పేరు ఉంటుంది, కవిగారికి రాజాదరణ ఉంటుంది. ఇచ్చి పుచ్చుకోవడమే గాని దానధర్మం కాదు. అదే తిక్కన భారతం దగ్గరకొచ్చేసరికి పదిహేను పర్వాలూ తీసుకెళ్ళి హరిహరనాథుడికి అంకితం ఇచ్చేశాడు. రాజు ఉండగా దేవుడికి ఎందుకిచ్చాడా అని బి.ఏ. చదివే రోజుల్లో అనుకునేదాన్ని. మొన్న మా మనుబోలు ఆడవాళ్ళతో కలిసి కృతిభర్తల వేటకి బయల్దేరాక ఆయన మీద నాకు గౌరవం మరింత పెరిగింది.

ఆ వేట కథేమిటంటే, మా మండలంలోని పొదుపు సంఘాలవాళ్ళు సంక్రాంతికి ముందు మూడు రోజులు తమ సరుకులన్నీ ఒకచోట పెట్టి అమ్మాలనుకున్నారు. నలభై దుకాణాలు. నిమ్మకాయ ఊరగాయ, ఎండురొయ్యల పొడి, కారప్పొడి, మణుగుబూలు, వడియాలు, కుట్టిన రవికెలు, అల్లిన బుట్టలు. షామియానా, మైకు, లైట్లు, మంచినీళ్ళు, రాత్రి కాపలా, ఒక పూట ఆర్కెస్ట్రా అన్నీ కలిపి లెక్క వేస్తే లక్షా ఎనభై వేలు తేలింది. దుకాణానికి అయిదువందల చొప్పున సంఘాలు వేసుకుంటే వచ్చేది ఇరవై వేలు. మిగతాది?

"కంపినీలోళ్ళని అడుగుదాం. ఇన్ని కంపినీలుండాయి గదా మన చుట్టూ!" అంది మండల సమాఖ్య లీడరమ్మ.

నిజమే. మా ఊరిని ఆనుకునే హైవే పోతుంది, రైలు పోతుంది. అటు ముత్తుకూరు వైపు కృష్ణపట్నం రేవు, దాని చుట్టూ నూనె ఫ్యాక్టరీలు, కరెంటు కంపెనీలు. ఇటు గూడూరులో నిమ్మకాయల మార్కెట్టు. ఎన్ని లారీలు మా మీంచి పోతాయో చెప్పలేను గానీ, అందులో ఒక్కటైనా మా ఊళ్ళో ఆగి "ఏమమ్మా, బాగున్నారా?" అన్న పాపాన పోలేదు. ఉత్తరం రాసే పని నా మీద పడింది. "నవల్లు రాసేయమ్మ, ఒక్క కాయితం రాయలేదా?" అన్నారు. నవల రాయడం తేలిక. అందులో డబ్బున్నవాడి మనసు కరగాలంటే కరుగుతుంది. రాసేదాన్ని నేనే గదా!

ఉత్తరానికి ముందు వాళ్ళు ఒక చిత్తు తయారు చేసుకొచ్చారు. "మేము నిరుపేద మహిళలము, తమరు దయతలచి" అని మొదలైంది. చదువుతుంటే నాకే కష్టమనిపించింది. 1992లో ఇదే నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా కొట్టు మూయించిన ఆడవాళ్ళ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. ఆ వెనకనే రోజుకో రూపాయి దాచుకునే పొదుపు ఈ జిల్లాలో ఊరూరా మొదలైంది. ఆ రూపాయిల మీద పెరిగిన సంఘాలివి. బ్యాంకు మేనేజరు ఎదురుగా కుర్చీలో కూర్చుని అప్పు అడిగి, వాయిదా తప్పకుండా కట్టే మనుషులు "నిరుపేద మహిళలము" అని ఎందుకు రాయాలి?

అదృష్టం బాగుండి ఆ వారం మా ఆడపడుచు కొడుకు వచ్చాడు. మద్రాసులో ఒక కంపెనీ ప్రచారం వ్యవహారాలు చూస్తాడు. ఇలాంటి ఉత్తరాలు వాడి బల్ల మీదికి రోజూ వస్తాయిట.

"దయ అనే మాట కనపడగానే నేను ఉత్తరం పక్కన పెట్టేస్తానత్తా. నా చేతికిచ్చింది దయ చూపించే డబ్బు కాదు, కొనే డబ్బు. మీ దగ్గర అమ్మడానికేముందో అది రాయండి" అన్నాడు.

"ఊరగాయుండాది, మణుగుబూలుండాయి," అంటూ మొదలెట్టింది లీడరమ్మ.

"అవి కాదక్కా. జనం! మూడు రోజుల్లో ఎంతమంది వస్తారు? అందులో ఆడవాళ్ళెందరు? ఏ ఊళ్ళనించి వస్తారు? ఇంటికి సరుకులు కొనేది వాళ్ళేనా?"

లీడరమ్మ మొహం మాడ్చుకుంది. "జనాన్ని అమ్మేదేంది నాయనా?"

నాకు నవ్వొచ్చింది గానీ, ఆలోచిస్తే మనమందరం ఎప్పుడో అమ్ముడుపోయినవాళ్ళమే. 1952లో రేడియో సిలోన్ మొదలెట్టిన పాటల కార్యక్రమం బినాకా గీత్‌మాలా. బినాకా అంటే టూత్‌పేస్టు బాపతు పేరని తెలియకుండానే మా అమ్మ తరం ఆ పేరు జపం చేసింది. 1984లో దూరదర్శన్‌లో 'హమ్ లోగ్' వచ్చింది, వెనకాల మాగీ వారు. రెండు నిమిషాల్లో సేమ్యాలాంటిదేదో ఉడికిపోతుందని దేశానికంతకీ తెలిసిపోయింది. పాట మనకి, చెవులు వాళ్ళకి. కథ మనకి, కళ్ళు వాళ్ళకి. మా లీడరమ్మకి ఈ సంగతి చెబితే, "అట్టయితే మన కండ్లకి రేటెంతో తేల్చాల" అంది. ఆవిడ బుర్ర అలాంటిది.

రేటు తేలాలంటే లెక్క కావాలి కదా? అక్కడే మావాళ్ళు నన్ను ఆశ్చర్యపరిచారు. అంతకు ముందేడు చిన్నగా ఒక్కరోజు అమ్మకం పెట్టినప్పుడు, గేటు దగ్గర ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టి రెండు కుండలు పెట్టారట. ఆడమనిషి వస్తే ఒక కుండలో చింతగింజ, మగమనిషి వస్తే రెండో కుండలో. రాత్రికి ఎంచి పుస్తకంలో రాసుకున్నారు: ఆడవాళ్ళు 1,140, మగవాళ్ళు 385. ఎందుకు ఎంచారంటే, టీ ఎంత పెట్టాలో మళ్ళీ ఏడు తెలియడానికట! మా వాడు ఆ పుస్తకం చూసి, "అత్తా, మాకు పెద్ద పెద్ద ఏజెన్సీలు ఇచ్చే లెక్కలకన్నా ఇది నమ్మొచ్చు" అన్నాడు. ఉత్తరంలో మొదటి వాక్యం అదే అయింది. దయ, నిరుపేద అనే మాటలు ఎగిరిపోయాయి.

మరో చిక్కుముడి కూడా వాడే విప్పాడు. పెద్ద కంపెనీలు లాభంలో రెండు శాతం ప్రజలకి ఇవ్వాలట కదా, అందులోంచి అడిగితే పోలా అని మావాళ్ళ ఊహ. ఆ చట్టం నిజమే. 2013 కంపెనీల చట్టంలో 135వ సెక్షను. ఏడాదికి 5 కోట్ల నికరలాభమో, 1,000 కోట్ల టర్నోవరో, 500 కోట్ల నికర ఆస్తి విలువో ఉన్న కంపెనీ, వెనకటి మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. 2014 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. తాము పని చేసే చుట్టుపక్కల ప్రాంతానికి ముందు పెట్టాలని కూడా అందులో ఉంది. అంటే మావంటి ఊళ్ళకి. అయితే ఒక్కసారి జరిగి పోయే ఉత్సవాలూ, ప్రకటనలూ ఈ లెక్కలోకి రావని 2014 జూన్‌లోనే కేంద్రం చెప్పింది. తమ సరుకు ప్రచారం కోసం చేసే స్పాన్సరుషిప్పు చెల్లదని 2021 నిబంధనల్లో మళ్ళీ రాశారు. అంచేత తలుపులు రెండు. మూడు రోజుల సంబరానికి ప్రచారం చూసే ఆఫీసరుని అడగాలి. ఊరగాయ సీసాలకి మూత బిగించే మెషీనూ, శిక్షణా కావాలంటే సామాజిక బాధ్యత చూసే ఆఫీసరుని అడగాలి. అక్కడ రిజిస్ట్రేషన్ల తతంగం వేరే ఉంది, అది ఇంకో రోజు చెప్పుకోవచ్చు. ఇద్దరికీ ఒకే ఉత్తరం రాస్తే ఇద్దరూ "మా శాఖ కాదు" అంటారు. ఆఫీసుల చుట్టూ తిరిగిన ఆడవాళ్ళకి ఈ మాట కొత్తేం కాదు లెండి.

ఇక ఏవేం అమ్మొచ్చో జాబితా వేశాం. గేటు దగ్గర ఆర్చి, వేదిక వెనకాల గుడ్డ, టీ ఇచ్చే చోటు, సరుకు వేసిచ్చే సంచులు, మంచినీళ్ళ పందిరి, మైకులో చెప్పే పేరు. బంగారం, వెండి అని తరగతులు పెడతారని మా వాడు చెబితే, "బంగారమూ లేదు, ఎండీ లేదు, పెద్దపీట, చిన్నపీట అని పెట్టండి" అన్నారు మావాళ్ళు. ఏప్రిల్‌లో లెక్కల సంవత్సరం మొదలవుతుంది గనక కంపెనీలవాళ్ళు ప్రచారం డబ్బు ముందే పంచేసుకుంటారు. సంక్రాంతికి డబ్బు కావాలంటే దసరాలోపే ఉత్తరం చేరాలి. మేం సెప్టెంబరులో పంపాం. పన్నెండు ఉత్తరాలకి ముగ్గురు జవాబిచ్చారు. అది మంచి లెక్కేనట.

అందులో ఒకరు మసాలా పొడులూ, ఊరగాయలూ అమ్మే కంపెనీవారు. పేరు చెప్పను. వాళ్ళ ప్రతినిధి కుర్రాడు కారులో వచ్చాడు, మర్యాదస్తుడు. చింతగింజల లెక్క విని ముచ్చటపడ్డాడు. పెద్దపీట మాకే ఇవ్వండి, లక్ష రూపాయలిస్తామన్నాడు. అందరి మొహాలూ వెలిగిపోయాయి. కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. నేను కళ్ళజోడు పెట్టుకుని చదివాను. నాలుగో పేజీలో ఉంది: ఆ మూడు రోజులూ ఆ ఆవరణలో పొడులూ, ఊరగాయలూ వారివి తప్ప మరెవరివీ అమ్మరాదు.

ఆ కుర్రాడి తప్పేం లేదు. ప్రపంచమంతా ఇదే పద్ధతి. క్రికెట్టు పోటీకి ఒక శీతలపానీయం వాడు డబ్బిస్తే ఆ స్టేడియంలో ఇంకో పానీయం కనపడకూడదు. పేరు చూపించుకోవడానికి సగం, పక్కవాడి పేరు దాచేయడానికి సగం డబ్బిస్తాడు స్పాన్సరు. కానీ ఇక్కడ పక్కవాళ్ళెవరు? నలభై దుకాణాల్లో పదిహేడు ఊరగాయలవీ, పొడులవీను. మా వీధి చివర పెద్దమ్మ సంఘంలో ఇరవై వేలు అప్పు తీసుకుని నిమ్మకాయలు కొని, ఉప్పులో ఊరేసి అప్పటికే జాడీలు నింపుకుంది.

ఆ సాయంత్రం సమాఖ్య ఆఫీసులో జరిగిన గొడవ వినాలి మీరు. బుట్టలవాళ్ళూ, రవికెలవాళ్ళూ "లక్ష వదులుకుంటామా? ఊరగాయలోళ్ళు ఒక్కేడు ఓర్చుకోండి, వచ్చిందాంట్లో మీకూ ఇస్తాం" అన్నారు. వాళ్ళు స్వార్థపరులు కారు. షామియానా లేకపోతే వాళ్ళ దుకాణమూ లేదు. ఊరగాయల వైపునించి కేకలు. పెద్దమ్మ మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "మన ఇంట్లో పెండ్లికి మనమే బయట కూసోవాల్నా అమ్మణ్ణీ?" అని నన్నడిగింది. జవాబు చెప్పడం నావల్ల కాలేదు. తిక్కన గుర్తొచ్చాడు.

నాకు కోపమొచ్చి కాగితం చించి పారేయమనేదాన్నే. లీడరమ్మ అలా చేయలేదు. ఆ వాక్యం కింద గీత గీసి, ఇంకో వాక్యం నాచేత రాయించింది: "ఇతర కంపెనీల పొడులు, ఊరగాయలు రానివ్వము. సంఘ సభ్యులు స్వయంగా తయారుచేసిన సరుకులకు ఈ షరతు వర్తించదు." ఎంత చిన్న వాక్యం! మూడు నవలలు రాసిన నాకు తట్టలేదు. కుర్రాడు హైదరాబాదుకి ఫోను చేశాడు. ఎనిమిది రోజులకి జవాబొచ్చింది: లక్ష కాదు, నలభై వేలు, ఆర్చీ, టీ ఇచ్చే చోటూ చాలు.

మిగతాది ఎలా కూడిందంటే, ఒక రైసుమిల్లు, నెల్లూరులో ఒక నగల దుకాణం, ఎరువుల డీలరు, సంఘాలకి అప్పులిచ్చే బ్యాంకు. ఆర్కెస్ట్రా తీసేశాం. దాని బదులు పిల్లల కోలాటం పెడితే, పిల్లల్ని చూడ్డానికి తల్లులూ, అమ్మమ్మలూ వచ్చి జనం పెరిగారు. దుకాణానికి అయిదువందలు ఏడువందలైంది, సణుక్కుంటూ కట్టారు. అయినా ఆరువేలు తక్కువ పడి సమాఖ్య నిధిలోంచి తీయవలసి వచ్చింది. దాని మీద ఇప్పటికీ ఒకరిద్దరు బుట్టలవాళ్ళు లీడరమ్మతో ముభావంగానే ఉంటారు. లక్ష వచ్చి ఉంటే ఈ గొడవ లేదుగా అంటారు. వాళ్ళ మాటా కొట్టిపారేయలేం.

పండగ వెళ్ళిన వారానికి డబ్బిచ్చిన అందరికీ లెక్క పంపాలని మా వాడు మరీ మరీ చెప్పాడు. ఎంతమంది వచ్చారు, ఏ ఊళ్ళనించి, మీ పేరు ఎక్కడ కనపడింది, ఫోటోలేవి. చాలామంది డబ్బు తీసుకున్నాక కనపడరట. లెక్క పంపినవాళ్ళ ఉత్తరం మరుసటేడు ముందు చదువుతారట. లీడరమ్మా, నేనూ కూర్చుని రాశాం. రెండోనాడు సాయంత్రం వాన పడి జనం పల్చబడ్డారు, అది రాయాలా వద్దా అన్నాను. రాయమంది. మూడు రోజుల చింతగింజలు ఎంచిన కాగితం జతచేశాం.

మసాలా కంపెనీవారికి పంపే కవరుతోపాటు పెద్దమ్మ ఒక నిమ్మకాయ ఊరగాయ సీసా కూడా కట్టి ఇచ్చింది. వాళ్ళూ రుచి చూడాలని. దాంతోపాటు నూట ఇరవై రూపాయల బిల్లు కూడా పెట్టించింది.