చూస్తావా అమ్మా?

కడుపులో బిడ్డ పోయాడని స్కాన్‌లో తేలిందంటే ఆ ఇంటి పెద్దలందరికీ ఒకటే తొందర. తల్లి కంటపడకుండా అంతా అయిపోవాలి. కాన్పు కాకముందే మేనమామో బాబాయో తెల్లగుడ్డ పట్టుకుని లేబర్ రూమ్ తలుపు దగ్గర నిలబడతాడు. తల్లికి కుట్లు వేయడం పూర్తికాకముందే ఆ మూట ఆటోలో ఊరి చివరకు, చెరువుగట్టుకో కాలువ ఒడ్డుకో వెళ్ళిపోతుంది. మనవైపు పసిబిడ్డల్ని దహనం చెయ్యరు, పాతిపెడతారు. ఆడవాళ్ళు వెంట వెళ్ళరు. చాలా ఇళ్ళల్లో కర్మకాండ కూడా ఉండదు. పుట్టింట్లో అమ్మమ్మ మెత్తని పాత చీరలు చింపి దాచిన గుడ్డలన్నీ, తల్లి ఇల్లు చేరేలోగా ఎవరికో ఇచ్చేస్తారు.

ఇదంతా ప్రేమతోనే చేస్తారు. ప్రసూతి వైద్యురాలిగా ఇన్నేళ్ళలో ఆ తొందర వెనక కాఠిన్యం నాకెక్కడా కనిపించలేదు. దానివల్ల దుఃఖం తగ్గిన తల్లి కూడా కనిపించలేదు.

జిల్లా ఆసుపత్రిలో పనిచేసే రోజుల్లో ఒకమ్మాయి గుండెల్లో మంట, నిద్ర పట్టడం లేదంటూ ఓపీకి వచ్చింది. పరీక్షల్లో ఏమీ లేదు. నేను చీటీ రాస్తుంటే మెల్లిగా అడిగింది: "మేడమ్‌గారూ, మా బాబుకి జుట్టుందాండీ?"

కొన్ని నెలల కిందట మా ఆసుపత్రిలోనే ఆమెకు తొలి కాన్పు. నెలలు దాదాపు నిండాక కడుపులోనే పోయాడు. చూపించొద్దని భర్త, అత్తగారు ముందే చెప్పేశారు. ఆమెను ఎవరూ అడగలేదు. తర్వాత ఆమె ఎవరినడిగినా "ఇప్పుడవన్నీ ఎందుకమ్మా, మళ్ళీ పుడతాడ్లే" అన్నారు. పాత కేసు షీటు తెప్పించాను. మగబిడ్డ, 2.4 కిలోలు. అంతకుమించి ఏమీ లేదు. ఆ కాన్పులో ఉన్న ఆయమ్మను పిలిపిస్తే ఆవిడకు అన్నీ గుర్తున్నాయి. "తలనిండా జుట్టమ్మా. వేళ్ళు పొడుగు. ముక్కు అచ్చం మీ ఆయనదే" అంది. ఆ అమ్మాయి అక్కడే బావురుమంది. ఏడుస్తూనే ఇంకా అడిగింది. రంగేమిటి, ఏ గుడ్డలో చుట్టారు, ఎవరు తీసుకెళ్ళారు. ఆయమ్మ ఒక్కొక్కటీ చెప్పింది. అన్ని నెలల్లో ఆ బిడ్డ గురించి ఆమెతో ఎవరైనా మాట్లాడటం అదే మొదలు.

ఒకప్పుడు బ్రిటన్‌లోనూ ఇదే పద్ధతి ఉండేది. బిడ్డను తల్లికి చూపకుండా తీసేసేవారు. 1976లో ఇమాన్యుయేల్ లూయిస్ అనే మనోవైద్యుడు 'లాన్సెట్'లో దీన్ని ప్రశ్నించాడు. క్రమంగా గాలి అటువైపు తిరిగి, ప్రతి తల్లీ బిడ్డను ఎత్తుకోవాలన్నంత దూరం వెళ్ళింది. 2002లో అదే పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం, ఎత్తుకున్న తల్లుల్లో తర్వాతి గర్భంలో డిప్రెషన్ ఎక్కువగా కనిపించిందని చెప్పింది. తర్వాత చాలా అధ్యయనాల్లో, బిడ్డను చూసుకున్న తల్లులు ఎక్కువమంది చూడటమే మంచిదైందన్నారు. నేను పట్టుకున్నది ఒక్కటే: బలవంతంగా చూపించకూడదు, చెప్పకుండా దాచేయకూడదు. అడగాలి.

కాన్పు నొప్పులు మొదలవకముందే అడుగుతాను. ఏం కనిపిస్తుందో ముందే చెబుతాను. పెదవులు నల్లగా ఉంటాయి, చర్మం అక్కడక్కడా పొరలు లేచి ఉండొచ్చు, ఒళ్ళు చల్లగా ఉంటుంది. కాన్పయ్యాక మళ్ళీ "చూస్తావా అమ్మా?" అని అడుగుతాను. వద్దంటే వద్దు. గంట తర్వాత మనసు మార్చుకునేవాళ్ళున్నారు కాబట్టి కాసేపు ఆగమని మగవాళ్ళను బతిమాలతాను. చూడనన్న తల్లికి కూడా, ఆమె ఒప్పుకుంటే, ఒక ఫొటో తీసి కవరులో పెట్టి అంటించి ఉంచుతాం. బతికిన బిడ్డలకు కేసు షీటు మీద పాదముద్రలు వేయిస్తాం కదా, అదే ఇంకు ప్యాడుతో ఈ బిడ్డవీ ఒక కాగితం మీద తీయిస్తాను. ఆ కాగితం పట్టుచీరల మడతల్లో పెట్టుకున్నవాళ్ళున్నారు. చించేసినవాళ్ళూ ఉన్నారు. అది వాళ్ళిష్టం.

ఎవరూ చెప్పని సంగతి ఇంకోటి ఉంది. రెండో రోజో మూడో రోజో పాలు పడతాయి. బిడ్డ లేడని శరీరానికి తెలియదు. అప్పటికి ఆ తల్లి డిశ్చార్జి అయి ఇంట్లో ఉంటుంది. రొమ్ములు రాయిలా గట్టిపడి, జాకెట్టు తడిసి, పక్కగదిలో మగవాళ్ళుంటే ఎవరికీ చెప్పుకోలేక ఏడుస్తుంది. ఇంటికి పంపేముందే ఈ మాట చెప్పడం మా పని. కాబెర్గోలిన్ మాత్ర మొదటి రోజే ఇస్తే చాలావరకు ఆగుతాయి. బీపీ ఉన్న తల్లులకు మాత్రం అది ఇవ్వకూడదు. కడుపులో బిడ్డ పోయినవాళ్ళలో బీపీ ఉన్నవాళ్ళు తక్కువేమీ కాదు, అందుకే అడక్కుండా మందుల షాపులో కొనొద్దు. చల్లటి తడిగుడ్డ, ఆసరాగా పట్టుకునే లోదుస్తు, నొప్పికి పారాసిటమాల్ సాయపడతాయి. పిండకూడదు, పిండేకొద్దీ ఇంకా వస్తాయి. మన అమ్మమ్మలు రొమ్ములకు మల్లెపూలు కట్టేవారు. 1988లో మల్లెపూలను బ్రోమోక్రిప్టిన్ మాత్రతో పోల్చి చూశారు. రక్తంలో ప్రొలాక్టిన్ మాత్రతోనే ఎక్కువ తగ్గినా, రొమ్ములు గట్టిపడటం, పాలు, నొప్పి విషయంలో రెండూ సమానంగా పనిచేశాయి. మా వార్డులో ఓ తల్లి కూతురికి మల్లెలు కడుతుంటే నర్సు అభ్యంతరం చెప్పబోయింది. కట్టనివ్వమన్నాను.

సెలవు మాట వస్తే, "బిడ్డే లేదు, సెలవెందుకు" అని పది రోజులకే పనికి రమ్మన్న బట్టల షాపు యజమాని సంగతి ఒకమ్మాయి చెప్పింది. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టమే 'బిడ్డ' అనే నిర్వచనంలో మృతశిశువును కూడా చేర్చింది. కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు 2022 సెప్టెంబరు నుంచి, మృతశిశువు పుట్టినా, పుట్టిన కొద్దిరోజులకే బిడ్డ పోయినా 60 రోజుల ప్రత్యేక సెలవుంది. కాన్పయిన ఒళ్ళు ఎవరిదైనా కాన్పయిన ఒళ్ళే.

తండ్రుల్ని ఎవరూ పలకరించరు. ఒక లారీ డ్రైవరు తన చేతులతోనే పాతిపెట్టి వచ్చి, అదే సాయంత్రం భార్యకు ఇడ్లీలు తెచ్చి తినిపించాడు. రివ్యూకి వచ్చినప్పుడు భార్యను బయట కూర్చోబెట్టి లోపలికొచ్చి, "గొయ్యి సరిపడా లోతు తీశానా లేదా అని రాత్రిళ్ళు లేచి కూర్చుంటున్నానండీ" అన్నాడు. భార్య ముందు ఏడిస్తే ఆమె ఇంకా కుంగిపోతుందని అతని భయం. అతను బాధపడటం లేదని ఆమె కోపం. ఇద్దర్నీ ఒకే బల్ల మీద కూర్చోబెట్టి ఆ మాట అతని నోటనే మళ్ళీ చెప్పించాను.

ఇక నిందలు. గ్రహణం రోజు బయటికొచ్చావు, బొప్పాయి తిన్నావు, పుట్టింటికి బస్సులో వెళ్ళావు. వీటికి నా ఉపన్యాసం కంటే కాగితం మీది కారణం బాగా సమాధానం చెబుతుంది. అందుకే మాయను పాథాలజీకి పంపమని, తల్లికి షుగరు, ఇన్ఫెక్షన్, రక్తం గడ్డకట్టే గుణానికి సంబంధించిన పరీక్షలు చేయించమని పట్టుబడతాను. ఒకామెకు ఎవరూ కనిపెట్టని షుగరు బయటపడింది. ఆ రిపోర్టు అత్తగారి ఎదుటే చదివి చెప్పాను. అన్ని పరీక్షలు చేసినా కారణం దొరకని కేసులూ తక్కువేమీ కాదు, అదీ అలాగే చెబుతాను. "నాకొక్కదానికే ఎందుకిలా" అని అడిగితే, ఏడో నెల దాటాక బిడ్డను పోగొట్టుకున్నవాళ్ళు 2021లో ప్రపంచంలో సుమారు 19 లక్షలని ఐక్యరాజ్యసమితి అంచనా అని చెబుతాను. ఆ అంకె దుఃఖాన్ని తగ్గించదు, తన తప్పేనన్న భ్రమను కాస్త కదిలిస్తుంది.

మళ్ళీ ఎప్పుడు? ఇంట్లోవాళ్ళు రెండో నెలలోనే అడుగుతారు. ఆస్ట్రేలియా, ఫిన్లాండ్, నార్వేల్లో 14 వేలకు పైగా కాన్పుల్ని పరిశీలించిన అధ్యయనంలో, మృతశిశువు తర్వాత ఏడాదిలోపే గర్భం దాల్చినా ముప్పు పెరిగినట్టు కనిపించలేదు. అది శరీరం సంగతి. సిజేరియన్ అయి ఉంటే లెక్క వేరు. మనసు సంగతి ఆ అమ్మాయే చెప్పాలి, ఆమె బదులు వేరేవాళ్ళు చెప్పకూడదు. రెండోసారి వచ్చినవాళ్ళకు ప్రతి వారం గుండె చప్పుడు వినిపిస్తాను, వైద్యపరంగా అవసరం లేకపోయినా సరే.

దుఃఖం జబ్బు కాదు. కాన్పు తేదీ అనుకున్న రోజునో, తోటికోడలి బిడ్డ బారసాలలోనో మళ్ళీ పొంగుతుంది, మధ్యలో ఆ తల్లి తింటుంది, నవ్వుతుంది కూడా. వారాలు గడిచినా అసలు లేవకపోవడం, తిండి మానేయడం, తనవల్లే పోయాడని పదేపదే అనడం, బిడ్డ దగ్గరికే వెళ్ళిపోతాననడం వేరు. వాటికి వైద్యం కావాలి. దగ్గర్లో మానసిక వైద్యులు లేకపోతే టెలిమానస్ హెల్ప్‌లైన్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. నంబరు రాసిచ్చి చేసుకోమనకండి. చనిపోవాలని ఉందన్న ఆడపిల్ల తనంతట తాను ఫోను తీయదు. మీరే కలిపి, ఆమె పక్కన కూర్చోండి. ఆ రాత్రి ఒంటరిగా పడుకోనివ్వకండి, తెల్లారాక ఆసుపత్రికి మీరే తీసుకురండి.