మనం గెలుస్తాం

ఉగాదినాడు పంచాంగ శ్రవణానికి పోయి దిగులుతో ఇంటికి తిరిగివచ్చిన మనిషిని నేనింతవరకు చూడలేదు. ఆదాయం రెండు, వ్యయం పధ్నాలుగు అని చదివినా, సిద్ధాంతిగారు చివర "కార్తికం దాటితే అంతా మేలే" అని ఒక ముక్క చేరుస్తారు. ఆ ముక్క పట్టుకొని ఏడాది గడిపేస్తాం. అమెరికాలో ఈ శ్రవణం ఆగస్టు నెలలో జరుగుతుందనీ, అక్కడి సిద్ధాంతులు పత్రికల క్రీడా విలేకరులనీ, రాశులకు బదులు కాలేజీలుంటాయనీ 2025లో మావాడి ఇంట్లో మూడు నెలలుండి తెలుసుకొన్నాను.

మాది ఖానాపూర్. ఇప్పుడు నిర్మల్ జిల్లా. మా చిన్నతనంలో ఆదిలాబాదు. గోదావరిమీద సదర్మాట్ ఆనకట్ట, దాని కాలువ, వరిపొలాలు, ఆపైన టేకు అడవి. అక్కడ పుట్టిన మావాడు ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో చదివి, అక్కడే ఉద్యోగం చూసుకొని, అక్కడే ఇల్లు కొన్నాడు. కోడలిది గుంటూరు. ఆమె చదివింది పక్కనున్న మిచిగన్ రాష్ట్రంలో, ఆన్ ఆర్బర్‌లో. జాతకాలు చూసి చేసిన పెళ్ళే. కాని ఒహాయో స్టేట్‌కూ మిచిగన్‌కూ 1897 నుంచి ఆట మైదానంలో నడుస్తున్న వైరం మా పురోహితుడిగారికి తెలియదు, పాపం.

ఆ ఆటను ఫుట్‌బాల్ అంటారు గాని, బంతిని పాదంతో తన్నేది ఎప్పుడో ఒకసారి. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చంకన పెట్టుకొని పరుగెత్తాలి, లేదా ముందుకు విసరాలి. నాలుగు ప్రయత్నాలలో పది గజాలు సాగకపోతే బంతి ఎదుటివాళ్ళ పాలవుతుంది. ఎదుటి పదకొండుమందీ మీదపడి ఆపుతారు. మా ఆవిడ మొదటిసారి చూసి, "పిల్లగాండ్లకు దెబ్బలు తాకవారా?" అని అడిగింది. "తాకుతయి" అన్నాడు మావాడు, టి.వి. మీదనుంచి చూపు తిప్పకుండా.

ఆట సంగతి అట్లా ఉంచి, పౌరుషం చూడండి. 1835లో టొలీడో ఊరు ఎవరిదన్న తగవులో ఈ రెండు ప్రాంతాలవాళ్ళూ తుపాకులు పట్టుకొని సరిహద్దు దాకా పోయారు. ఇప్పుడు తుపాకులు లేవు గాని, మిచిగన్‌తో ఆట జరిగే వారం కొలంబస్ కాలేజీ ఆవరణలో ఏ బోర్డు మీద ఎం అనే అక్షరం కనబడినా దానిమీద ఎర్రటి టేపు అడ్డంగా అతికిస్తారు. మిచిగన్ పేరు నోట పలకరు. "ఉత్తరాదిన ఉన్న ఆ జట్టు" అంటారు, వెనుకటి ఇల్లాండ్రు మొగుడి పేరు చెప్పనట్టు. మిచిగన్‌ను ఓడించిన ఏడాది ఆటగాళ్ళకు చిన్న బంగారు లాగు బిళ్ళ బహుమానం. లాగేమిటంటారా? వాళ్ళూ మనలాగే ఒక కాలు తరువాత ఒక కాలు దూర్చి లాగు తొడుక్కొంటారు, భయమెందుకు అని 1934లో ష్మిట్ అనే కోచ్ అన్నాడట. ఆ ఏడు గెలిచారు. అప్పటినుంచి ఆచారం.

మావాడి మెడలో బక్‌ఐ అనే చెట్టు గింజల దండ ఒకటి ఉంటుంది, అచ్చం రుద్రాక్షమాలలా. ఇంట్లో దీపం పెట్టమంటే బద్ధకించేవాడు ఆట రోజున స్నానం చేసి ఆ దండ వేసుకొంటాడు.

2024 నవంబరు 30న సొంత మైదానంలో వీళ్ళు 13–10 తేడాతో మిచిగన్ చేతిలో ఓడారు. వరసగా నాలుగో ఓటమి. చిత్రమేమంటే, ఆ ఓడిన జట్టే 2025 జనవరి 20న నోటర్‌డామ్‌ను 34–23తో ఓడించి జాతీయ విజేత అయింది. కోడలు మాత్రం కాఫీ అందిస్తూ, "దేశాన్నంతా గెలిచారు మామయ్యగారూ, మమ్మల్ని తప్ప" అన్నది. మావాడు కాఫీ తాగలేదు.

ఆగస్టులో శ్రవణం వెలువడింది. టెక్సస్‌కు మొదటి స్థానం, పెన్ స్టేట్‌కు రెండు, ఒహాయో స్టేట్‌కు మూడు, మిచిగన్‌కు పధ్నాలుగు. ఒక్క బంతి ఆడకముందే ఈ వరస ఎట్లా తేల్చారని అడిగితే, 1950 నుంచి తేలుస్తూనే ఉన్నారన్నాడు మావాడు. విజేత జట్టులోనుంచి పధ్నాలుగుమందిని ఏప్రిల్‌లో వృత్తి జట్లు ఎంచుకొన్నాయి. బంతి విసిరే కుర్రవాడు కొత్తవాడు. అయినా మావాడి ధైర్యం చెక్కుచెదరలేదు. "జెరమయా స్మిత్ ఉన్నడు బాపూ. ఈసారి మనమే గెలుస్తం, చూడు!"

ముప్ఫయి రెండేళ్ళు బడిలో తెలుగు చెప్పినవాణ్ణి. ఆ 'మనం' దగ్గర ఆగిపోయాను. ఇంగ్లీషులో ఒక్క 'వుయ్' తో పని గడిచిపోతుంది. మనకట్లా కాదు. మేము అంటే వినేవాడు బయట, మనం అంటే వినేవాడు లోపల. మావాడు నన్ను లోపలికి పిలుస్తున్నాడు. సంతోషించవలసిందే. కాని అదే వారం ఖానాపూర్‌లో ఉన్న మా తమ్ముడితో ఫోనులో, "కాకా, మీ దిక్కు వానలు పడ్డయా?" అని అడిగాడు. మీ దిక్కు! మూడేళ్ళక్రితం దాకా అది 'మన దిక్కు'.

ఇది వ్యాకరణం సంగతి కాదు. సదర్మాట్ కాలువ కింద మాకు రెండెకరాలున్నది. దాన్నీ ఇంటినీ అమ్మేసి ఇక్కడికే వచ్చెయ్యండని మావాడు రెండేళ్ళుగా అంటున్నాడు. మంచి మనసుతోనే అంటున్నాడు. కాదనడానికి నా దగ్గర గట్టి కారణం లేదు. మా ఆవిడ మోకాళ్ళు మావాడి పక్షమే.

మా బాపు ఉంటే ఏమనేవాడో. ఆయన 1950 తరువాత నాలుగేళ్ళు హైదరాబాదులో చదివాడు. నిజంగా కాలితో ఆడే ఫుట్‌బాల్ పిచ్చి ఆయనది. బడిపంతులు ఉద్యోగం చేసిన రహీం సాహెబు శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు బొంబాయి రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు గెలిచిన కాలం. కలకత్తా జట్లతో ఆట అంటే బాపు ఫతేమైదానంలో తెల్లవార్లూ కూర్చోగలడు. అదే రహీం శిక్షణలో భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగో స్థానం, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చింది. 1963 జూన్‌లో ఆయన పోయాడు. హైదరాబాదు ఆట క్రమంగా దిగిపోయింది. బాపు మాత్రం ప్రతి వానాకాలం "ఈ యేడు మనోళ్ళు మళ్ళ లేస్తరు" అనేవాడు. ఆ మనోళ్ళలో ఒక్కడు కూడా ఖానాపూర్ మొహం చూసినవాడు కాడు. మా తాతకు అది గిట్టేది కాదట. పట్నంపోయి కొడుకు పట్నపోడయిండని ఊరంతా చెప్పుకొన్నాడట. కాని బాపు తిరిగివచ్చాడు, పొలం చూసుకొన్నాడు, 1991లో ఖానాపూర్‌లోనే పోయాడు.

2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్.సి. 2022లో దేశపు పెద్ద లీగు గెలిచింది. బాపు చూడలేదు. 2025లో ఆ జట్టు మూటాముల్లె సర్దుకొని ఢిల్లీ వెళ్ళి పేరు కూడా మార్చుకొన్నది. ఇదే మావాడికి చెబితే, "అందుకే కాలేజి జట్టు బాపూ, కాలేజి ఎటూ పోదు" అన్నాడు. ఆ మాటలో కొంత నిజమున్నది. డబ్బున్నవాడి జట్టు ఎక్కడికైనా కదులుతుంది. కొలంబస్ మైదానం 1922లో కట్టినచోటే గుర్రపు నాడా ఆకారంలో ఉన్నది, లక్షకు పైగా జనం పడతారు. కదిలేది చదివినవాళ్ళే.

ఆగస్టు 30న టెక్సస్‌తో మొదటి ఆట. ఇంటికి ఏడు కుటుంబాలు వచ్చాయి. వరంగల్లువారు, విజయవాడవారు, ఒక తమిళాయన, అందరివీ ఎర్రచొక్కాలే. మా ఆవిడ గారెలు వేసింది. 14–7తో గెలిచారు. ఆ అరుపులకు పక్కింటి తెల్లాయన తలుపు తట్టి, తిట్టడానికనుకొన్నాం, మావాణ్ణి కౌగలించుకొని, రెండు గారెలు పట్టుకొని పోయాడు. కోడలు నీలిచొక్కా వేసుకొని వంటింట్లో ఒంటరిగా ఉంటే నేను వెళ్ళి తోడు కూర్చున్నాను. "మీరు ఎవరి పక్షం మామయ్యగారూ?" అని అడిగింది. గారెల పక్షం అన్నాను.

అక్టోబరులో ఇంటికి వచ్చేశాం. యాసంగి నారు పోసే పనుల్లో ఉండగా నవంబరు 30 తెల్లవారుజామున ఫోను మోగింది. ఆన్ ఆర్బర్‌లో 27–9. నాలుగేళ్ళ అవమానం తీరిందని మావాడు కన్నీళ్ళు పెట్టుకొన్నాడు. పొలం మాట ఆవేళ వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కోడలిని పిలవమంటే ఫోను దగ్గరికి రాలేదు. వచ్చే ఏడు ఆట కొలంబస్‌లోనే కదా, అక్కడ ఎవరు గెలుస్తున్నారో మామయ్యగారికి గుర్తుచెయ్యమని మాత్రం లోపలినుంచి కేకవేసింది.