‘శుద్ధము’ అనే మాట

డిగ్రీ చివరి సంవత్సరంలో ప్రయోగశాల పుస్తకంలో నేను వ్రాసిన ఒక మాటను గురించి విద్యార్థి మిత్రులతో ముచ్చటించదలచాను. రొట్టెల తయారీకి వాడే ఈస్టును పరీక్షనాళికలో పెంచి పరిశీలించే పని నాకు అప్పగించారు. సూక్ష్మదర్శినిలో కణాలన్నీ అండాకారంలో, మొగ్గలు తొడుగుతూ, ఒకే తీరుగా కనిపించాయి. “వంగడం శుద్ధము” అని వ్రాసి సంతకం చేశాను. అధ్యాపకులు పుస్తకం తిరగవేసి, “ఏ ఆధారంతో వ్రాశావు నాయనా?” అని మాత్రం అడిగారు. నేను మౌనం వహించాను. నాళిక మూత ఒకసారి చాలాసేపు తెరచి ఉంచిన సంగతి దాచాను.

ఆ ప్రశ్నే నన్ను గ్రంథాలయానికి నడిపించింది. అక్కడ చదివినది బీరు కథ. పెద్దలు నొచ్చుకోవద్దని మనవి. నా దృష్టి పానీయం మీద కాదు, దానిని పులియబెట్టే జీవి మీద.

కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ కర్మాగారంలో ఒకప్పుడు బీరు చేదెక్కి, దుర్వాసన వేయసాగింది. బీరు చెడడానికి బ్యాక్టీరియా వంటి సూక్ష్మజీవులు కారణమని పాశ్చర్ 1876లో తన గ్రంథంలో వివరించి ఉన్నారు. కాని మంచి ఈస్టులో వన్య ఈస్టు కలసినా బీరు చెడుతుందని ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ నిరూపించి, 1883లో ఒకే కణం నుండి శుద్ధ వంగడాన్ని పెంచారు. కర్మాగార స్థాపకులు జాకబ్సెన్ దానిని దాచుకోక ఇతరులకూ పంచారు.

అయినా కంటిచూపు చాలదు. డయాస్టాటికస్ అనే ఈస్టు రూపంలో బీరు ఈస్టు వంటిదే. మామూలు ఈస్టు వదలివేసిన డెక్స్‌ట్రిన్లను సైతం పులియబెట్టి, బిగించిన సీసాలో వాయువు నింపి, ఒక్కొక్కప్పుడు సీసానే పగులగొడుతుంది. నేడు పి.సి.ఆర్. పరీక్షతో దానిలోని ఎస్.టి.ఎ.1 జన్యువును పట్టుకొంటున్నారు. డెల్టా అనే పునరావృత డి.ఎన్.ఏ. ఖండాల అమరికను బట్టి, వేలిముద్రలను పోల్చినట్లు, ఒక వంగడాన్ని మరొకదాని నుండి వేరుపరుస్తున్నారు.

జన్యుపరిశోధన మరొక వింతనూ వెల్లడించింది. హాన్సెన్ శుద్ధపరచిన లాగర్ ఈస్టు రెండు జాతుల సంకరం! ఒకటి రొట్టెల ఈస్టు జాతి. రెండవది దక్షిణ అమెరికాలోని పటగోనియా అడవులలో లభించినట్లు 2011లో ప్రకటించిన యూబయానస్ అనే వన్య ఈస్టు. ‘శుద్ధము’ అంటే మిశ్రమం లేని పుట్టుక కాదనీ, పాత్రలో ఉన్నదేదో నిశ్చయంగా తెలియడమనీ అప్పుడు బోధపడింది.

మరునాడు ఆ మాట కొట్టివేసి, “కణాలు ఒకే తీరుగా కనిపించినవి. మూత చాలాసేపు తెరచి ఉండెను. శుద్ధి నిర్ధారణ కాలేదు” అని వ్రాశాను. మార్కులు కొన్ని తగ్గాయి. కాని ఆ పుస్తకంలో నేను ధైర్యంగా చూపగల పుట అదొక్కటే.