పుల్‌మన్ పసుపు పువ్వు

మేముండే వాషింగ్టన్ రాష్ట్రం పుల్‌మన్‌లో రోడ్ల పక్కన పసుపుపచ్చగా పూసే ఒక కలుపు మొక్క ఉంది. పేరు ట్రాగోపోగాన్ మిసెల్లస్. దీని తల్లీ తండ్రీ వేర్వేరు జాతులు. రెండూ మనలాగే వలస వచ్చినవే, యూరప్ నుంచి. వాటికి చెరి 12 క్రోమోజోములు, బిడ్డకు 24. ఇది కొత్త జాతి అని 1950లో మేరియన్ ఓన్‌బీ గుర్తించి పేరు పెట్టారు.

తమాషా ఏమిటంటే, ఇద్దరి జన్యువులూ వచ్చినా అన్నీ పలకవు. కొన్ని మొక్కల్లో ఒకరి ప్రతి పూర్తిగా పోయింది. కొన్నిట్లో ఉండి కూడా మూగబోయింది. ఒక భాగంలో మౌనంగా ఉన్నదే మరో భాగంలో పలుకుతుంది కూడా!

ఇదంతా విన్న మా అమ్మాయి, "మరి నా తెలుగు పోయిందా నాన్నా, మూగబోయిందా?" అంది. అడిగింది ఇంగ్లీషులోనే లెండి. వేసవికి అమ్మమ్మ దగ్గరికి టికెట్లు కొన్నాం.